అక్కయ్య కంప్యూటరూ, నత్త వైద్యమూ

మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడను అందరూ నత్త అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆవిడ మా ఇంటి మెట్లెక్కడం మొదలుపెట్టి పై గుమ్మం చేరేలోపు, మెట్లకింద పిల్లి ఈని, కూనలు కళ్ళు కూడా తెరుస్తాయి. నేను కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు పిల్లిని అడగవచ్చు.

ఆవిడ తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మిషను విప్పే ముందు కాసేపు నడిపి దాని చప్పుడు వినాలని కూతురికి నేర్పాడు. కంప్యూటర్ దగ్గరా ఆవిడ అలాగే చెవి ఒగ్గి కూర్చుంటుంది. తొందరపెట్టేవాళ్ళ సంగతి దుకాణంలో ఆవిడ అత్తగారు చూసుకుంటుంది. "పాడుచేయడానికి మీకు ఏడాది పట్టింది, బాగుచేయడానికి మా పిల్లకు ఒక పూట ఇవ్వలేరా?" అని ఆ ముసలావిడ అడిగితే ఎంతటివాడైనా నోరు మూసుకుని బల్ల మీద కూర్చోవలసిందే.

మా అక్కయ్య ఇంట్లోనే ఉండి ప్రెస్సుకు పుస్తకాల పేజీలు కూర్చి ఇస్తుంది. బావ పోయాక ఆ పనే ఆమెకు అన్నమూ, కాలక్షేపమూ. ఆ మధ్య ఆమె కంప్యూటర్ ఉన్నట్టుండి పుటుక్కున ఆగిపోవడం మొదలుపెట్టి, ఒక పుస్తకంలో సగం పేజీలు మింగేసింది. నత్త వచ్చి, విని, లోపల కరెంటు అందించే పెట్టె మార్చింది. దానికి రోగం కుదిరింది. అక్కయ్యకు మాత్రం కుదరలేదు.

కంప్యూటర్ తన ఆరోగ్యం ఎలా ఉందో తానే రోజూ ఒక గీత గీసుకుంటుంది. ఆగిపోయిన రోజున గీత కిందికి జారి, ఒక ఎర్ర గుర్తు పడుతుంది. అక్కయ్య పొద్దున్నే దాన్ని తెరిచి, పాత ఎర్ర గుర్తులన్నీ చూసి నిట్టూర్చేది. ఒక వాక్యం కొట్టి మళ్ళీ చూసేది. పేజీలు కదల్లేదు. ఈ వారంలో ఇవ్వకపోతే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తామని ప్రెస్సువాళ్ళు కబురు పెట్టారు.

"కాన్వెంట్లో చదివావు కదరా, చావొద్దని దానికి ఇంగ్లీషులో చెప్పు," అంది నాతో. నవ్వుతూనే అంది గానీ చూపు ఆ గీత మీదే ఉంది.

నత్తను మళ్ళీ పిలిచాను. ఈసారి ఆవిడ కంప్యూటర్ జోలికి పోలేదు. కుర్చీ లాక్కుని అక్కయ్యనే చూస్తూ కూర్చుంది. తరువాత కంప్యూటర్ వైపు వేలు చూపించింది.

"దీనికి జ్వరం తగ్గిందమ్మా. మీకే ఇంకా కాస్తోంది."

"ఆ ఎర్రవి కళ్ళముందుంటే ఎలా తగ్గుతుంది తల్లీ?"

అయితే ఆ చరిత్రంతా తుడిచేస్తానంది నత్త. అలాగని వెంటనే తుడవలేదు. రేపు మళ్ళీ జబ్బు చేస్తే పాత కథ తనకు కావాలంటూ ముందుగా ఒక నకలు తీసి దాచుకుంది. తరువాత కంప్యూటర్ ఆ గుర్తులు పెట్టుకునే ఫైళ్ళు వెతికి, ఒక్కొక్కటీ తీసేసి, మిషను ఆపి మళ్ళీ వెలిగించింది.

తెరిచి చూస్తే గీతా లేదు, గుర్తులూ లేవు. అక్కయ్య గుండె మీద చెయ్యి వేసుకుని, ఉన్నది కూడా పోయిందా అని అడిగింది.

"కొత్త గీత మొదలవడానికి ఒక రోజు పడుతుందమ్మా. అందాకా అక్కడ చూడ్డానికేం లేదు. మీ పని మీరు చేసుకోండి."

చూడ్డానికి ఏమీ లేక అక్కయ్య పేజీల్లో పడింది. మొదట తడుముకుంటూ, తరువాత జోరుగా. మధ్యాహ్నానికి ఆ వేళ్ళ చప్పుడు విని పక్కింటివాళ్ళు వాన పడుతోందనుకుని ఆరేసిన బట్టలు తీసేశారు.

మర్నాడు నత్త వచ్చి గీత తెరిచింది. కొత్త గీత మొదట్లోనే ఒక ఎర్ర గుర్తు. అక్కయ్యకు మళ్ళీ జ్వరం కాసినట్టే అనుకున్నాను.

ఆమె కళ్ళజోడు సర్దుకుని ఒకసారి చూసింది.

"అదా? నిన్న సాయంత్రం వీడు కాలు తగిలించి ప్లగ్గు ఊడబెరికాడు."

"దీన్నీ తుడిచేయనా అమ్మా?" అంది నత్త.

"ఎందుకు, ఉండనీ. జరగండిద్దరూ, ఇంకా రెండు అధ్యాయాలున్నాయి."