పట్టికలో చేరని గది

నీటి సరఫరా శాఖలో ముప్పయ్యొక్క సంవత్సరాలు ఇంటింటికీ తిరిగి మీటర్లు చదివి, పదవీ విరమణ పొందిన ఒక పెద్దమనిషిని గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా పేటలో ఆయనను అందరూ పట్టిక మాస్టారు అని పిలుస్తారు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కారు. అదే శాఖలో ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసే గుమాస్తాగా పనిచేసినందువల్ల ఆయనను నేను దగ్గరగా ఎరుగుదును. ఆయన నడిపిన పత్రానికి మొదటి నెల నుంచి ఆఖరి నెల వరకు శుద్ధప్రతి రాసినది కూడా నేనే.

సదరు పత్రం ఒకే ఒక కాగితం. నెలకొకసారి వెలువడేది. ముందు వైపున దేశ రాజకీయాల మీద, ధరల మీద, ప్రభుత్వపు ఆదాయవ్యయాల మీద ఆయన వ్యాఖ్య ఉండేది. వెనక వైపున మా పేటలోని పద్నాలుగు వీధుల ఇంటి అద్దెల పట్టిక ఉండేది. ఏ పార్టీ నుంచి చందా గాని, ఏ దుకాణం నుంచి ప్రకటన గాని ఆయన స్వీకరించలేదు. పింఛను డబ్బుతో రెండు వందల ప్రతులు జిరాక్సు తీయించి, గ్రంథాలయంలోను, క్షౌరశాలలోను, బస్సు స్టాపు పక్కనున్న టీ కొట్టులోను స్వయంగా ఉంచి వచ్చేవారు.

ఈ పని ఆరంభమైన తీరు చెప్పాలి. ఒక సంవత్సరం మంత్రిగారు దేశంలో ఇంటి అద్దెలు నూటికి మూడు వంతున మాత్రమే పెరిగినవని ప్రకటించారు. మాస్టారు ఆ ప్రకటన చదివి, పాత అలవాటు చొప్పున సంచీ భుజాన వేసుకుని పద్నాలుగు వీధులూ తిరిగారు. నూటికి పంతొమ్మిది తేలింది. మొదటి సంచికలో ఆయన రాసిన వాక్యాలు నాకు ఇప్పటికీ జ్ఞాపకమున్నాయి. “మంత్రిగారి లెక్క తప్పని నేను అనను. వారు నివసించే బంగళాకు అద్దె లేదు. లేని అద్దె నూటికి మూడు పెరగడం కూడా ఎక్కువే.” ఆ వేళ క్షౌరశాలలో గడ్డం గీయించుకుంటున్న ఒకాయన నవ్వు ఆపుకోలేక గాటు పెట్టించుకున్నాడని ఆనవాలుతో సహా చెప్పుకున్నారు.

ప్రభుత్వం మారినప్పుడు కొత్త పార్టీవారు ఆయనకు శాలువా కప్పడానికి వచ్చారు. ఆయన శాలువా తీసుకోలేదు. మరుసటి నెల పత్రంలో కొత్త మంత్రిని కూడా పాత మంత్రిని రాసినట్టే రాశారు. ఆ పార్టీ వీధి కార్యదర్శి క్షౌరశాలలో ఆయనను నిలదీశాడు.

“ఏం మాస్టారూ, నిన్నటి దాకా మావాళ్లే అనుకున్నాం మిమ్మల్ని.”

“మీటరు చదివేవాడు ఎవరివాడు బాబూ? నీళ్లు ఎన్ని వాడితే అన్ని రాస్తాడు.”

“అయితే కాస్త మెల్లగా తిరగనివ్వండి మా మీటరు.”

“మీరే కొంచెం మెల్లగా వాడండి.”

ఆయన తనకు తాను ఒక నియమం విధించుకున్నారు. తన ఇంటి అద్దె గాని, తన చెల్లెలి ఇంటి అద్దె గాని పట్టికలో చేర్చరాదు. సొంతవారి అంకె ఒక్కటి చేరినా చదివేవాడు మిగతా అంకెలను అనుమానంతో చూస్తాడని ఆయన వాదన. అదేగాక, చాలాకాలంగా ఒకే ఇంట్లో ఉంటున్న అద్దెదారులు ఆయనను గుమ్మంలోనే బతిమాలేవారు. “మా సంగతి రాయకండి మాస్టారూ. ఇంత తక్కువకి ఉంటున్నామని ఓనరుకి గుర్తొస్తుంది” అనేవారు. ఆయన దయతో వారిని వదిలివేసేవారు. పట్టికలోకి వచ్చినవారు కొత్తగా ఇల్లు మారినవారు, ఎక్కువ అద్దెతో కడుపు మండి తామంతట తామే పిలిచి చెప్పేవారు. పదకొండు సంవత్సరాల పాటు ఆ అంకెలను గీతలు గీసి రాసిన నాకు ఇందులో లోపం ఉన్నదని ఏనాడూ స్ఫురించలేదు.

ఆయన చెల్లెలు దర్జీ పని చేస్తుంది. భర్త పోయిన తరువాత, ఇనుప సామాన్ల కొట్టు యజమానికి చెందిన ఇంటి కింది భాగంలో రెండు గదులు అద్దెకు తీసుకుని, బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ పదిహేడు సంవత్సరాలుగా అక్కడే ఉంది. ఆ వీధికి వెనక రెండు బడులు ఉన్నాయి. తల్లులు పిల్లలను బడిలో వదిలి, కొలతలు ఇచ్చి, సాయంత్రం బట్టలు పట్టుకుని పోయేవారు. అద్దె ఆరున్నర వేలు. ఆ గదులు పోతే బేరాలు పోతాయి, బేరాలు పోతే ఆమెకు వేరే ఆధారం లేదు.

గత సంవత్సరం బడులు తెరవడానికి నెల ముందు యజమాని ఆమె దగ్గరకు వచ్చాడు. చొక్కా జేబులోంచి మాస్టారి పత్రం తీసి కత్తిరింపు బల్ల మీద పరిచాడు. నేను అప్పుడు పాత కోటుకు అస్తరు వేయించుకోవడానికి అక్కడే కూర్చుని ఉన్నాను.

“అమ్మా, నేను నోటికొచ్చిన అంకె అడగట్లేదు. మీ అన్నగారి కాగితమే చూడండి. మన వీధిలో రెండు గదులకి పన్నెండు వేల మూడొందలు. నేను పన్నెండే అడుగుతున్నా. మూడొందలు ఆయన మొహం చూసి వదిలేశా.”

“మా అన్నయ్య మొహానికి మూడొందలేనా బాబుగారూ?”

“మీరు నవ్వుతారు గాని, నాకూ ఇంటి పన్ను రెట్టింపయింది. అది కూడా ఆయనే రాశారు, ముందు వైపు.”

ఆమె ఆ సాయంకాలమే అన్నగారి ఇంటికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను.

“అన్నయ్యా, నీ కాగితం ఇవాళ చదివాను. పదకొండేళ్లలో మొదటిసారి.”

మాస్టారికి విషయం తెలియదు. ముఖం వికసించింది. “ఎలా ఉంది?” అని అడిగారు.

“బాగా రాశావు. మా ఓనరు కంఠతా పట్టాడు.”

జరిగినదంతా ఆమె చెప్పింది. అది విని మాస్టారు అద్దెల నిర్ణయ కార్యాలయానికి అర్జీ పెట్టుకుందామని నిశ్చయించారు. అర్జీ నేనే రాశాను. రెండు గదులకు ఒకేసారి దాదాపు రెట్టింపు కోరడం న్యాయం కాదని, పాత అద్దె మీద సముచితమైన పెంపు మాత్రమే నిర్ణయించవలసిందని అందులో కోరాము.

విచారణ జరిగిన గది చిన్నది. గోడ వారగా రెండు బెంచీలు, మధ్యలో బల్ల, బల్ల మీద దారాలు కట్టిన దస్త్రాల దొంతరలు. అధికారిణి మర్యాదస్తురాలు. మాస్టారిని చూడగానే కూర్చోమన్నది. తాను ఆయన పత్రం చదువుతానని కూడా చెప్పింది. యజమాని పన్నెండు నెలల ప్రతులు వరసగా గుచ్చి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఈ పేటకి మా దగ్గరున్న లెక్క ఆరేళ్ల కిందటిదండీ. దాని ప్రకారం చూస్తే...” అని ఆమె ఆరంభించింది.

“ఆ లెక్క పనికిరాదమ్మా” అన్నాడు యజమాని. “పాచిపోయిన లెక్క అని మాస్టారే రాశారు. రెండో కాగితం, ముందు వైపు. ఎర్రగీత పెట్టాను చూడండి.”

ఆమె చూసింది. “మీరు రాసిందేనా మాస్టారూ?”

“నేను రాసిందే.”

“పట్టిక కూడా సరైనదేనా?”

 ఆయన బల్ల మీద తలకిందులుగా ఉన్న తన పట్టికను తన వైపు తిప్పుకుని, వేలితో అడ్డగీతల వెంట చదువుకుంటూ పోయారు. అప్పుడు ఆయనకు తెలిసింది.

“అంకెలన్నీ సరైనవేనమ్మా. కాని ఇందులో పాతవాళ్లు లేరు. కొత్తగా దిగినవాళ్లే ఉన్నారు. వీధి మొత్తం ఇది కాదు. మా చెల్లెలి గది కూడా ఇందులో లేదు. నేనే వదిలేశాను.”

“అయితే అదే రాసివ్వండి. వీలైతే పాత అద్దెదారుల లెక్క నాలుగిళ్లదైనా తెండి. వారం గడువిస్తున్నా.”

ఆ వారం మాస్టారు తిరిగిన వీధులలో నేనూ తిరిగాను. ఇరవై మూడు గుమ్మాలు ఎక్కాము. ఎవరూ కసరలేదు, అందరూ మంచినీళ్లు ఇచ్చారు. అంకె మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. జోళ్లు బాగుచేసే ముసలాయన ఒక్కడే తలుపు ఓరగా వేసి విషయం విడమరచి చెప్పాడు.

“ఇన్నేళ్లు రాయకుండా కాపాడారు మమ్మల్ని. ఇప్పుడు మా అద్దె ఆఫీసుకి ఇస్తే, వచ్చే వారం నా ఓనరు నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెడతాడు. మీ చెల్లెమ్మ సంగతి వింటే బాధగానే ఉంది. ఏం చెయ్యమంటారు?”

మాస్టారు ఆయనకు నమస్కారం పెట్టి మెట్లు దిగారు.

వాంగ్మూలం ఆయన చెబుతుంటే నేను రాశాను. పదకొండు సంవత్సరాలుగా తాను ప్రకటించిన పట్టిక ఈ పేట అద్దెలకు అద్దం పట్టేది కాదని, లోపం తన పద్ధతిలోనే ఉన్నదని, దానిపై ఆధారపడి ఎవరి అద్దెనూ నిర్ణయించరాదని అందులో ఉంది. ‘కొంత మేరకు’ అనే మాట చేరుద్దామని నేను సూచించాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ కాగితం దాఖలైతే ముందు వైపు వ్యాఖ్యలకు కూడా ఆధారం పోతుందని, మంత్రుల మీద రాసినదంతా ఎగిరిపోతుందని హెచ్చరించాను.

“మంత్రులకి ఇళ్లున్నాయి. నువ్వు రాయి” అన్నారు.

రెండవ విచారణ నాడు అధికారిణి ఆ వాంగ్మూలాన్ని రెండుసార్లు చదివింది. తరువాత కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

“మాస్టారూ, పదకొండేళ్లు ఈ లెక్క నిజమన్నారు. అప్పుడు మీకు దానివల్ల వచ్చేదేం లేదు. ఇవాళ తప్పంటున్నారు. ఇవాళ మీ చెల్లెలి ఇల్లుంది. పైవాళ్లు చూస్తే దేన్ని నమ్మమంటారు?”

“రెండూ నిజమేనమ్మా. అంకెలు నిజం. వాటితో వీధిని తూచడం తప్పు.”

“నాకు అర్థమైందండీ. రాయడానికే దారి లేదు. పాతవాళ్ల లెక్క ఏమైనా దొరికిందా?”

“ఇవ్వలేదు.”

“ఎందుకు?”

“ఇస్తే వాళ్లు కూడా ఇక్కడికే రావలసి వస్తుందని.”

ఆమె వాంగ్మూలాన్ని దస్త్రంలో పెట్టి దారం కట్టింది. యజమాని తల దించుకునే కూర్చున్నాడు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. “అర్జీదారు సోదరుడు సమర్పించిన వాంగ్మూలం స్వతంత్ర సాక్ష్యం కానందున దానిని పరిగణనలోనికి తీసుకొనుటకు వీలుపడలేదు. వేరే ఆధారము లేనందున, ఇంతకుముందు నిష్పాక్షికంగా ప్రచురితమైన సదరు పత్రంలోని పట్టికను ప్రామాణికముగా స్వీకరించడమైనది. కోరిన అద్దె పట్టికకు లోబడియే ఉన్నందున అర్జీ కొట్టివేయడమైనది.” జీవితమంతా ఉత్తర్వులకు ప్రతులు రాసినవాణ్ణి. అందులో మార్చదగిన మాట ఒక్కటీ నాకు కనబడలేదు.

ఆ ఉత్తర్వును జిరాక్సు తీయించుకోని ఇంటి యజమాని మా పద్నాలుగు వీధులలో అరుదు. మాస్టారు మరి పత్రం వెలువరించలేదు. తప్పని సంతకం చేసిన పట్టికను ఆయన తిరిగి ప్రచురించలేరు. ఒప్పని కార్యాలయం తీర్పు ఇచ్చిన పట్టికను రద్దు చేయనూ లేరు. క్షౌరశాలలో ఒకరిద్దరు అడిగారు. ఇనుప కొట్టు యజమాని దారిలో ఆపి మరీ అడిగాడు.

“మీరు ఆపకూడదు మాస్టారూ. మీ లెక్క లేకపోతే ఒక్కొక్కడు నోటికొచ్చినట్టు అడుగుతాడు.”

అతడు ఆ మాట ఎగతాళికి అనలేదు. 

చెల్లెలు బస్సు ఆఖరి స్టాపు దాటిన తరువాత ఒక గది తీసుకుంది. కత్తిరింపు బల్ల గదిలోనే కట్టించినది కావడంతో గుమ్మంలోంచి రాలేదు. మధ్యకు కోయవలసి వచ్చింది. కోస్తున్నంతసేపూ మాస్టారు ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. ఆమె బట్టలకు, సూదులకు, కొలతల పుస్తకానికి మూటలు కట్టుకుంటూ ఒక్కసారి మాత్రం పలికింది.

“నా గది కూడా రాసి ఉంటే లెక్క ఎంతకి దిగేది అన్నయ్యా?”

“నీదొక్కటే అయితే రెండొందల చిల్లర. పాతవాళ్లందరివీ నీ అద్దె పాటివే అనుకుంటే నాలుగు వేలు పైగా.”

“లెక్క వేశావన్నమాట.”

“వేశాను.”

బడులు తెరిచారు. పాత ఖాతాదారులలో ఐదుగురు తల్లులు బస్సెక్కి ఆమె దగ్గరకు వెళ్లారు. మరుసటి నెల ఇద్దరు వెళ్లారు. ఆదివారాలు మాస్టారు వెళ్లి, బొత్తాలు కుట్టడంలో ఆమెకు సాయపడుతున్నారు. చూపు ఆనక దారం ఎక్కించలేరు. దారం ఆమె ఎక్కించి ఇస్తుంది.

ఒక ఆదివారం నేను కూడా వెళ్లాను. గుమ్మం ముందు ముగ్గురం కూర్చుని ఉండగా పక్క గదిలో కొత్తగా దిగిన అమ్మాయి నీళ్ల బిందెతో వచ్చి పలకరించింది. మాస్టారు ఆమె కుశలం అడిగారు, భర్త ఉద్యోగం అడిగారు. చేతిలో కాగితం గాని, పెన్సిలు గాని లేవు.

“గదికి ఎంత ఇస్తున్నారమ్మా?” అని అడిగారు.

ఆ అమ్మాయి చెప్పబోయింది. చెల్లెలు మిషను ఆపింది.

“చెప్పకమ్మా” అంది. “ఆయన మంచివాడే. అయినా చెప్పకు.”

ఆ అమ్మాయి ఇద్దరి ముఖాలూ చూసి, బిందె సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. మాస్టారు చేతిలోని చొక్కాను వెలుతురుకు తిప్పుకుని, కుడుతున్న బొత్తానికి రంధ్రం వెతకసాగారు.