కొవ్వొత్తి చుట్టూ తగువు

గ్లోబల్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను కొన్నేళ్లు పనిచేసిన కోదాడ బడి పేరులో మాంటిస్సోరి కంటే ముందు ఆ మాటే ఉండేది. గేటు మీద నీలం రంగు భూగోళం బొమ్మ, దాని చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. ఆ పిల్లల్లో ఒక్కరంటే ఒక్కరికి కూడా మా వైపు పిల్లల పోలిక లేదు.

రోజూ పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కి హైవే మీద కోదాడకు వచ్చేదాన్ని. బడి యజమానిని అందరూ కరస్పాండెంట్ సార్ అనేవాళ్లు. ఆయనకు రైసు మిల్లు మిర్యాలగూడలో, బడి కోదాడలో, రాజకీయం సూర్యాపేటలో. మిల్లు నుంచి వచ్చిన రోజు చొక్కా మీద తవుడు ఉండేది. మీటింగు నుంచి వచ్చిన రోజు మెడలో కండువా ఉండేది. బడి నుంచి మాత్రం ఆయనకు ఏదీ అంటుకోలేదు.

ఆయన లెక్కలో గ్లోబల్ అంటే గోడ నిండా జెండాలు, నోటి నిండా రాజధానులు. ఎవరైనా పెద్దమనిషి బడి చూడ్డానికి వస్తే ఎల్‌కేజీ పిల్లను ఒకదాన్ని కుర్చీ ఎక్కించేవారు. జపాన్ అనగానే టోక్యో అనేది. వచ్చినాయన చప్పట్లు కొట్టేవాడు. అదే పిల్లను ఒకరోజు నేను పక్కకు పిలిచి, టోక్యోలో ఏముంటుందే అని అడిగితే, జపాన్ ఉంటది టీచర్ అంది. పిల్లది తప్పేం కాదు. నేర్పిన మాకు సిగ్గుండాలి.

డిసెంబరు వస్తే ఇంకో తతంగం. తరగతి గది నిండా దూది పరిచి దాన్ని మంచు అనేవారు. చుట్టూ పత్తి చేలు పెట్టుకుని, మెడికల్ షాపులో దూది చుట్టలు కొని తెచ్చి మరీ. ఆ తరగతిలో సగం మంది పిల్లలు ఆదివారం చర్చికి పోయేవాళ్లే. మీ ఇంట్లో క్రిస్మస్‌కు ఏం చేస్తారు, ఏం వండుకుంటారు అని వాళ్లను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పక్కన కూర్చున్న పిల్ల పండుగ ఏమిటో తెలియదు గానీ, ఎక్కడో మంచు దేశంలో క్రిస్మస్ తాత బండిని ఏ జంతువు లాగుతుందో ప్రతి పిల్లాడూ చెప్పేవాడు.

నేను మాంటిస్సోరి పద్ధతిని హైదరాబాదులో శ్రద్ధగా నేర్చుకుని వచ్చినదాన్ని. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది పుట్టినరోజు చేసే తీరు. నేల మీద సుద్దతో పెద్ద గుండ్రం గీస్తాం. మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, అది సూర్యుడు. పుట్టినరోజు పిల్ల చిన్న భూగోళాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ గీత మీద మెల్లగా నడుస్తుంది. ఒక చుట్టు తిరిగితే ఒక ఏడు. ప్రతి చుట్టుకూ అమ్మో నాన్నో ఆ ఏడు ఏం జరిగిందో అందరికీ చెప్తారు. పిల్లకు ఎన్నేళ్లుంటే అన్ని చుట్లు. పుట్టినరోజంటే టోపీ, కేకు కాదని, భూమి అంత పెద్ద తిరుగుడు తిరిగితే గానీ మన వయసులో ఒక ఏడు కలవదని పిల్లలకు కాళ్లతో తెలుస్తుంది. టోక్యోలో పిల్లయినా, మేళ్లచెరువులో పిల్లయినా తిరిగేది ఆ ఒక్క సూర్యుడి చుట్టే. ప్రపంచం గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు ఇప్పటికీ తెలియదు.

మేళ్లచెరువు నుంచి స్కూలు వ్యానులో వచ్చే ఒక పిల్ల యూకేజీలో ఉండేది. నాన్న సిమెంటు లారీ డ్రైవరు. తరగతిలో ఎవరి పుట్టినరోజయినా ఆ పిల్ల గీతకు దగ్గరగా జరిగి కూర్చునేది. తన వంతు ఎప్పుడని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. దాని పుట్టినరోజు ఫిబ్రవరిలో. అందరూ తిరిగేశాక గానీ రాదు. పైగా పుట్టినప్పటి నుంచి ఏ పుట్టినరోజుకూ నాన్న ఇంట్లో లేడు. ప్రతిసారీ లోడు ఎక్కడికో పడేది. ఈసారి మాత్రం వస్తాననీ, బడికి వచ్చి అందరి ముందూ ప్రతి ఏడు సంగతీ తానే చెప్తాననీ మాటిచ్చాడు. ఆ మాట ఆ పిల్ల వ్యాను డ్రైవరుతో సహా అందరికీ చెప్పేసింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక గొడవ మొదలైంది. ఒక తల్లి వచ్చి, పిల్లల ముందు కొవ్వొత్తి వెలిగించి బడిని చర్చి చేస్తున్నారని ఆఫీసులో ఫిర్యాదు చేసింది. అదే రోజు ఒక నానమ్మ వచ్చింది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. మంట చుట్టూ తిప్పడం గుడిలో ప్రదక్షిణ చేయించడమేనని, తమ మనవరాలిని అట్లా తిప్పొద్దని ఆమె తగువు. ఇద్దరూ ఆఫీసు బయట ఒకే బెంచీ మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తప్పు నాది అన్న ఒక్క దాంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అంతవరకు ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా మా తరగతిలోకి తొంగి చూసినవాళ్లు కారు.

కరస్పాండెంట్ నన్ను పిలిచాడు. కొవ్వొత్తి ఎందుకు పెడతారని ఒక్క ముక్క అడగలేదు.

"ఇగ అది బంద్ పెట్టుండ్రి మేడం. కేకు కోయించి పంపుండ్రి. కేకుకు ఏ మతం లేదు."

అది సూర్యుడు సార్, పిల్ల చేతిలో ఉండేది భూమి అని చెప్పబోయాను. సూర్యుడు మూడో తరగతి పుస్తకంలో వస్తాడు, ఇప్పటి నుంచే తొందరేమిటి అన్నాడు. పోనీ కొవ్వొత్తి వద్దు, బల్బు పెడతానన్నాను. కరెంటు పోతే పిల్లలు పరేషాన్ అయితరు అన్నాడు. పసుపు కాగితం కత్తిరించి స్టూలు మీద పెడతానన్నాను. సూర్యుడి బొమ్మ పెడితే నమస్కారాలు నేర్పుతున్నారని మళ్లీ ఎవరో ఒకరు వస్తారట. ఆ తెలివంతా చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మధ్యల ఏం పెట్టొద్దు మేడం. ఖతం" అని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

స్టాఫ్ రూములో చెప్తే అందరూ నీళ్లు నమిలారు. మనకెందుకక్కా అంది ఒకామె. గోడ మీద ఊరూ పేరూ తెలియని దేశాల జెండాలు అతికించినప్పుడు మనకెందుకని ఎవరూ అనలేదు. పక్క వీధి మనుషుల దీపాన్ని చూసి జడుసుకునే ఊళ్లో గ్లోబల్ అని బోర్డు పెట్టుకోవడం కంటే వెకిలితనం ఇంకోటి లేదు. ఆ మాట పైకే అన్నాను. దాంతో మధ్యాహ్నం నా పక్కన కూర్చుని తినేవాళ్లు కూడా తగ్గారు.

పిల్లకు చెప్పక తప్పలేదు. ఈసారి కొవ్వొత్తి ఉండదే అన్నాను. అది ఏడవలేదు.

"మరి నేను దేని సుట్టు తిరగాలె టీచర్?"

 ఆ పిల్లను అట్లా నిలబెట్టినందుకు ఆ బెంచీ మీద ఇద్దరినీ, లోపలి ఆయన్నూ మనసులోనే తిట్టుకున్నాను.

పుట్టినరోజు నాడు తొందరగా వచ్చి సుద్దతో గుండ్రం గీశాను. మధ్యలో ఏం పెట్టొద్దన్నాడు గానీ గీత గీయొద్దని అనలేదు. నాది మొండితనమే, ఒప్పుకుంటాను. ఎప్పటిలాగే భూగోళాన్ని అరలో పిల్లలకు అందే ఎత్తులో పెట్టాను.

పిల్ల నాన్న వచ్చాడు. ఒడిశాలో లోడు దించి నేరుగా వచ్చాడట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ చెవుల వెనక సిమెంటు అట్లాగే ఉంది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాకిట్లో ఫిర్యాదు చేసిన తల్లీ, ఆ నానమ్మా కూడా ఉన్నారు. కేకు రోజు పిల్లలను ముందే ఇంటికి పంపుతామని కబురు పెట్టారు.

అంతలో కరస్పాండెంట్ ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని దిగాడు. అడ్మిషన్ల ఫ్లెక్సీకి ఫోటోలు కావాలి. కేకు ఒక మూల బల్ల మీద పెట్టించాడు. వెలుతురు గది మధ్యలో బాగుందని ఫోటోగ్రాఫరు అనగానే, చెప్పులతో వచ్చి సరిగ్గా నా గుండ్రం మధ్యలో నిలబడ్డాడు. పిల్లలారా, మనది గ్లోబల్ స్కూల్ అని మొదలుపెట్టాడో లేదో ఫోను మోగింది. మిల్లు నుంచి. అక్కడే నిలబడి వడ్లు దిగినయా లేదా అని మాట్లాడుతూ ఉండిపోయాడు.

పిల్ల ఆయన వంక చూసింది. నా వంక చూసింది.  అది లేచి అర దగ్గరికి పోయి భూగోళాన్ని రెండు చేతులతో తీసుకుంది. గీత మీద అడుగు పెట్టి, ఆయన చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

మొదటి ఏడు చెప్పన్నా అన్నాను పిల్ల నాన్నతో. 

"బిడ్డ పుట్టినప్పుడు నేను కటక్‌ల ఉన్న. ఫోన్ల ఏడుపు ఇనిపించింది."

రెండో చుట్టుకు, నడక నేర్చిందని ఇంట్లోవాళ్లు చెప్తే హుబ్లీ దగ్గర ధాబాలో కూర్చుని తోటి డ్రైవర్లకు టీలు తాగించానన్నాడు. మూడో ఏడు జ్వరం వచ్చిందట, దవాఖానకు తీసుకుపోవడానికి కూడా తాను లేడట. నాలుగో ఏడు ఇంటికి పోతే గుర్తుపట్టక తలుపు వెనక దాక్కుందట. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఐదో ఏడు లారీ క్యాబినులో ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దాకా తిప్పానన్నాడు. ఆరో చుట్టుకు గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"ఈ ఏడు గీడనే ఉన్న" అన్నాడు.

అప్పటికి కరస్పాండెంట్‌కు సంగతి తెలిసొచ్చింది. పిల్ల తన చుట్టూ తిరుగుతోందని అర్థం కాగానే ఫోను జేబులో వేసుకున్నాడు, కండువా సవరించుకున్నాడు, దండం పెట్టి చిరునవ్వు నవ్వాడు. కొవ్వొత్తికి పనికిరాని ప్రదక్షిణ ఆయనకు బాగానే పనికొచ్చింది. వాకిట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లూ చూస్తూనే ఉన్నారు. గుడి అని ఒకరు అనలేదు, చర్చి అని ఒకరు అనలేదు. నాకు అసహ్యం వేసింది.

ఫోటోగ్రాఫరుకు మాత్రం వీడియో సరిగా రాలేదట. కరస్పాండెంట్ పిల్ల తల నిమిరాడు.

"ఇంకొక్కటి తిరుగు బిడ్డా, సార్ కోసం."

పిల్ల గీత మీదే ఆగింది. భూగోళాన్ని కడుపుకు దగ్గరగా పట్టుకుంది.

"ఇంకోటి తిరిగితే ఏడేండ్లు అయితయి సార్. నాకు ఇంకా కాలె."

అట్లా చెప్పి, భూగోళాన్ని తీసుకెళ్లి అరలో దాని చోట పెట్టి, వాళ్ల నాన్న పక్కన పోయి కూర్చుంది.