రెండు దెబ్బలు ఆగి అందుకో

తోరణగల్లు ఉక్కు కంపెనీ బస్సు ఎక్కినవాళ్ళలో హనోకు పాట వినని కార్మికుడు లేడు. వినడమంటే మెచ్చుకుని వినడం కాదులెండి. స్టీరింగు ముందు కూర్చున్నాడంటే చాలు, గొంతు అడుగున ఎక్కడో "ఊఁ... ఊఁ..." అని మొదలుపెడతాడు. అది పైకి పోదు, కిందికి దిగదు. మధ్యలో కాసేపు ఆగుతుంది. అమ్మయ్య, అయిపోయిందని జనం అనుకునేలోపు మళ్ళీ అక్కడే ఎత్తుకుంటాడు.

"హనోకప్పా, పాడతాండేది నువ్వా, బండి ఇంజినా?" అని వెనక సీటు నుంచి ఎవడో ఒకడు.

"ఇది పాటకు పునాది లేరా."

"పునాది సరేప్పా. మరి ఇల్లు యాడుండాది?"

హనోకు గేరు మార్చి మళ్ళీ పునాది ఎత్తుకునేవాడు. ఆ ఇల్లు రాహేలు గొంతులో ఉంది. రాహేలు అతని పెళ్ళాం.

వీళ్ళిద్దరూ బళ్ళారి పాత మిషన్ సంఘం పిల్లలు. ఆ గుడిలో ఎరిక్ మాస్టారని ఒకాయన ఉండేవాడు. పొట్టి మనిషి, పొడుగు బెత్తం. పాటను నాలుగు గొంతులుగా పంచి, ఎవరి గొంతు వాళ్ళకు డో రే మీలు రాసిచ్చి నేర్పేవాడు. లావు గొంతు మగవాళ్ళకు బాసు, అంటే అడుగు పాట. ఒంటరిగా వింటే ఎద్దు నెమరు వేసినట్టే ఉంటుంది. పైన ఆడవాళ్ళ పాట వచ్చి కూర్చుంటే అప్పుడు చూడాలి, గుడి కప్పు లేచిపోయినట్టు ఉంటుంది.

ఒక పాటలో రాహేలు ఒక్కతే మొదలుపెట్టాలి. బాసు వాళ్ళు తర్వాత అందుకోవాలి. పంతొమ్మిదేళ్ళ హనోకుకు ఆగడం ఎక్కడ చేతనవుతుంది? ఆ పిల్ల నోరు తెరిస్తే ఇతనూ తెరిచేవాడు. మాస్టారు బల్ల మీద బెత్తంతో తాళం వేసి చూపించేవాడు. "ఆగు నాయనా. ముందు ఆ పిల్లను మొదలుపెట్టనీ. రెండు దెబ్బలు ఆగి అందుకో."

ఆగలేకే పెళ్ళి చేసుకున్నాడని మిషన్ కాంపౌండు అంతా నవ్వుకుంది. ఆ పెళ్ళి కూడా ఒక ముచ్చటే. పాట పాడే వేళకు చూస్తే, మొదలుపెట్టాల్సిన పిల్ల ముసుగు వేసుకుని పెళ్ళికూతురై నిలబడి ఉంది. బాసుకు దిక్కయినవాడు పెళ్ళికొడుకు. మాస్టారు ఊరుకుంటాడా? ఇద్దరినీ జనం వైపు తిప్పి పాడించాడు. ఎవరి పెళ్ళిలో వాళ్ళే పాడుకున్న జంట ఆ సంఘంలో ఇంకొకటి లేదు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, రాత్రి అన్నాలయ్యాక ప్రార్థన చేసుకుని ఆ పాట పాడుకుని పడుకునేవాళ్ళు. కూతురు క్రిస్టీ నర్సు ట్రైనింగుకని బళ్ళారి హాస్టల్‌కు పోయినా, ఇద్దరే పాడుకునేవాళ్ళు.

అప్పుడు వచ్చింది ఇనుపరాయి కాలం. చైనా వాళ్ళు ఎంత మన్ను తవ్వితే అంత కొంటున్నారని సండూరు కొండలు రాత్రీ పగలూ లారీలెక్కి పోతున్న రోజులు. బస్సు డ్రైవర్లు ఒకరి వెనక ఒకరు ఆ లారీల మీదికి పోయారు. మిగిలినవాళ్ళకు సెలవు అనేది కాగితం మీదే. హనోకుకు ఈస్టరు తర్వాత రాత్రి డ్యూటీ పడింది. సాయంత్రం ఆరింటికి బయలుదేరితే పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు. రాహేలు విమానాల స్టేషన్లో తుడిచే పని, టీ అందించే పని చేసేది. కంపెనీ కట్టించిన చిన్న స్టేషను అది, ఒకటే హాలు. పొద్దున ఆరింటికి ఆమె వ్యాను వచ్చేది, రాత్రి ఏడింటికి దింపేది. ఆదివారమూ అంతే.

ఒకే మంచం, ఇద్దరికీ వేరువేరు నిద్రలు. అతను వచ్చి పడుకునేసరికి ఆమె దిండు చల్లబడి ఉండేది. పొద్దున రైల్వే గేటు దగ్గర ఆమె వ్యాను, ఇతని బస్సు ఎదురయ్యేవి. ఇతను రెండుసార్లు హారను కొడితే ఆమె కిటికీలోంచి చెయ్యెత్తేది. గేటు పడి మధ్యలో గూడ్సు బండి నిలబడిందా, ఆ రోజుకు ఆ చెయ్యి కూడా లేదు. ఇట్లా అయిదు నెలలు.

ఆ సెప్టెంబరులో ఒకరోజు మబ్బు నేలమీదికి దిగింది. బెంగళూరు నుంచి సాయంత్రం రావాల్సిన విమానం పైన రెండు చుట్లు తిరిగి వెనక్కి పోయింది. ఆ స్టేషన్లో రాత్రిపూట విమానం దిగడానికి దీపాలు లేవు. కాబట్టి ఇక తెల్లారాల్సిందే. కార్లున్న వాళ్ళు కొందరు జారుకున్నారు. తర్వాత సండూరు రోడ్డు మీద, హొసపేట రోడ్డు మీద లారీలు అడ్డం పడి దారే మూసుకుపోయింది. మైళ్ళ పొడుగున లారీలు, వాన. అందులోనూ లాడ్జిల నిండా రాయి కొనే షావుకార్లే, ఎక్కడా గది లేదు. అదే విమానంలో బెంగళూరు పోవాల్సిన పదకొండు మంది ప్రయాణికులు హాల్లో చిక్కుబడ్డారు. దారి తెరుచుకుంటే తీసుకుపోవడానికి ఒక బస్సును రాత్రంతా సిద్ధంగా నిలబెట్టమన్నారు. ఆ బస్సు హనోకుది.

బస్సును అద్దాల గోడకు ఎదురుగా ఆపి దీపాలు ఆర్పాడు. అప్పుడు కనపడింది రాహేలు. వ్యాను ఎక్కబోతుంటే ఆపేశారట, ప్రయాణికులున్నారు కదా అని. హాల్లో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నీలం చీర మీద పని కోటు. కాస్త చిక్కింది. ఎదుటి మనిషి చిక్కిందని తెలియడానికి అయిదు నెలలు పట్టింది చూడండి.

హనోకు దూకినట్టే దిగి వాకిలి దగ్గరికి పోయాడు. కాపలా హుసేనప్ప కర్ర అడ్డం పెట్టాడు.

"పాసు యాడప్పా?"

"నా పెండ్లాం లోపలుండాది, హుసేనప్పా."

"ఆయమ్మకు పాసు ఉండాది, లోపలుండాది. నీకు లేదు, బయటుండావు. సరిగ్గానే ఉండాది గదా?"

"పది నిమిషాలప్పా. అయిదు నెలలాయె ఎదురుగా కూసోని మాట్లాడి."

"ఆ మూల కెమెరా జూడు. రెప్ప వెయ్యకుండా జూస్తాండాది. నా ఉద్యోగం పోతే నీ బస్సులో నన్ను ఊరికే తిప్పుతావా?"

"ఆయమ్మనే బయటికి పంపు."

"డ్యూటీలో ఉండేటోళ్ళు బయటికి రాకూడదు. ఆఫీసరు ఆడనే కూసోనుండాడు. పో, పొయ్యి బండిలో కూసో."

హనోకు పోయి సీట్లో కూర్చున్నాడు. అద్దం లోపల హాలంతా వెలుగు, ఇక్కడ చీకటి. ఆమె కనపడుతుంది గానీ ఇతను కనపడడు. లోపలి దీపం వేసుకున్నాడు. అప్పుడు రాహేలు చూసింది. పళ్ళెం కింద పెట్టింది. చెయ్యెత్తింది, గేటు దగ్గర ఎత్తినట్టే.

హాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా తిప్పలు పడుతున్నారు. కుర్చీలు ఎదురెదురుగా వేసి కాళ్ళు చాపిన వాళ్ళు కొందరు. ఫోను చార్జింగు పెట్టే గూడు ఒక్కటే ఉంటే, దాని ముందు నీళ్ళ కొళాయి దగ్గర బిందెలు పెట్టినట్టు ఫోన్లు వరసగా పెట్టుకున్న వాళ్ళు కొందరు. తెల్ల బూట్ల షావుకారు ఒకడు పేపరు పరుచుకుని పడుకున్నాడు, బూట్లు మాత్రం విప్పలేదు. రాహేలు అందరికీ టీ ఇచ్చింది, నీళ్ళిచ్చింది. ఇక తుడుపుకర్ర అందుకుంది. అద్దం పక్కనున్న జాగా తుడిచింది. అటు పోయింది, మళ్ళీ వచ్చి అదే జాగా తుడిచింది. ఇంకోసారి. తుడిచినప్పుడల్లా ఒక చూపు ఇటు.

నాలుగోసారి తుడుస్తుంటే మూల కుర్చీలోని పెద్దావిడ లేచింది. బొద్దు మనిషి, ఇల్కల్ చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు. రాహేలును ఏదో అడిగింది. అద్దంలోంచి బస్సు వైపు చూసింది. నేరుగా ఆఫీసరు బల్ల దగ్గరికి పోయి నడుము మీద చెయ్యి వేసుకుంది. హనోకుకు మాటలు వినపడలేదు గానీ, ఆఫీసరు మొదట తల అడ్డంగా ఊపడం, తర్వాత నుదురు రుద్దుకోవడం, చివరికి చేతులు జోడించడం కనపడ్డాయి.

కాసేపటికి వాకిలి తెరుచుకుంది. గొడుగు కింద ఆ పెద్దావిడ, ఆమె చెయ్యి పట్టుకుని రాహేలు.

"ఏం తమ్మా, బాగిలు తియ్యి. లోపల ఐసు పెట్టెలో కూసున్నట్టుండాది, చళికి సచ్చేట్టుండా. నీ బస్సులో పండుకుంటా," అంటూ మెట్లెక్కింది ఆవిడ. "ముసలిదాన్ని, ఒంటిగా పండుకోను, ఆడమనిషి తోడు పంపుతావా లేదా అంటి. పంపకేం జేస్తాడు?"

ఆవిడ పేరు పంపమ్మ. ఊరు బండ్రి. వెనక పొడుగు సీటు మీద దుప్పటి పరుచుకుంటూ రాహేలు వైపు చూసి నవ్వింది. "బండ పలక అరిగిపోతాండాదే తాయీ, అదే జాగా తుడిచి తుడిచి. నీ మొగుడేనా అని అడిగితే ఏడుపు మొగం బెట్టె."

"ఏడవలేదవ్వా," అంది రాహేలు.

"ఏడవల్యా. సరే. కూసో పో, వాని పక్కన."

ఇద్దరూ డ్రైవరు సీటు వెనకున్న జంట సీట్లో కూర్చున్నారు. మోకాలికి మోకాలు తగిలింది. ఆమె ఒంటి మీద ఫినాయిలు వాసన, ఇతని ఒంటి మీద డీజిలు.

"ఊట ఆయ్తా?" అని అడిగాడు. ఇన్ని నెలలకు నోట వచ్చిన మొదటి మాట అన్నం తిన్నావా అని.

"ఆయ్తు. నీది?"

"డబ్బాలో ఉండాది. తింటా."

ఇంకేం మాట్లాడాలో అనుకునే లోపలే వెనక నుంచి పంపమ్మ అందుకుంది. దేవుడు మేలు చెయ్యాలి ఆ తల్లికి, ఇద్దరినీ కలిపింది, కానీ నోరు మూయాలి కదా! బెంగళూరులో కూతురు కాన్పయి మూడో రోజట, బాలింతకని బెల్లం, అంటు బంక, కొబ్బరి వేసి ఉండలు చేసి తెచ్చిందట. తమ చేన్లో ఎర్రరాయి బయటపడి, డబ్బు చేరి కొడుకుల తలకాయలు తిరిగిపోయాయట, బస్సులో పోతానంటే నవ్వి విమానం టికెట్టు చేతిలో పెట్టారట. "బస్సయితే ఈపాటికి బిడ్డను ఎత్తుకుంటాంటి గదమ్మా," అని ముక్కు చీదింది. ఇంకేమంటారు, ఇద్దరూ వెనక్కి తిరిగి కూర్చుని ఊకొట్టారు. ఉండలు చెరొకటి పెట్టింది. పుట్టిన బిడ్డ పోలిక గురించి చెప్పింది. అల్లుడి గురించి చాలా చెప్పింది.

వాన పల్చబడింది. మాటలు కూడా పల్చబడ్డాయి. చివరికి వెనక సీట్లో గురక లేచింది.

హనోకు ముందుకు తిరిగి, "రాహేలూ," అన్నాడు మెల్లగా. "పాడదామా మ్మే? చిన్నగా?"

ఆమె తల అతని భుజం మీద వాలింది. పొద్దున అయిదింటికి లేచిన మనిషి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చేతిలో సగం కొరికిన ఉండ.

లేపాలా? భుజం కదిపితే లేస్తుంది. లేస్తే పాడుతుంది. అయిదు నెలలుగా ఈ ఒక్క దానికోసం కదా బస్సు నిండా జనంతో నవ్వించుకున్నది. హనోకు భుజం కదపలేదు. ఉండ కింద పడకుండా ఆమె వేళ్ళ కింద తన అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఆ చెయ్యి తిమ్మిరెక్కింది. పైన ఆమె ఊపిరి వస్తూ పోతూ ఉంటే, అడుగున "ఊఁ..." అందామనుకుని, లేస్తుందేమోనని అదీ మానుకున్నాడు.

నాలుగున్నరకు హుసేనప్ప వచ్చి అద్దం మీద గోటితో కొట్టాడు. "తంగీ, ఆఫీసరు పిలుస్తాండాడు. బాత్రూములు కడగాలంట."

రాహేలు ఉలిక్కిపడి లేచింది. "ఎంతసేపు పండుకుంటి?"

"ఇప్పుడే."

ఆమె అద్దంలోంచి హాల్లోని గడియారం చూసింది. పడుకుని మూడు గంటలయింది. "అబద్ధాలు చెప్పడం యాడ నేర్చినావు? లేపకూడదా నన్ను? ఒక్క రాత్రి దొరికె, దాన్నీ నిద్ర పోనిస్తివే!"

"అలిసిపొయ్యుంటివి మ్మే."

"నేనేమన్నా అడిగితినా నిద్ర?" కొంగుతో మొహం తుడుచుకుని దిగింది. రెండడుగులు పోయి తిరిగి వచ్చి, తన చేతిలోని సగం ఉండ అతని నోట్లో కుక్కి పోయింది.

తెల్లారింది. మబ్బు కొండల మీదికి పోయింది. విమానం వస్తుందని చెప్పారు. హుసేనప్ప పంపమ్మ సంచులు మోశాడు. లారీలు కూడా కదిలాయట, పొద్దుటి షిఫ్టు వాళ్ళు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నారని హనోకుకు ఫోను వచ్చింది. ఇంజిను వేశాడు. గేరు మీద చెయ్యి పెట్టి, ఒక్కసారి అద్దం వైపు చూశాడు.

రాహేలు తుడుపుకర్రతో అక్కడే ఉంది, అదే జాగాలో. హాలంతా జనం లేచి తిరుగుతున్నారు, ఎవరి గొడవ వాళ్ళది. ఆమె ఇటే చూస్తోంది. కోపం పోయినట్టు లేదు. తర్వాత గడ్డం కొంచెం పైకి లేచింది. ఆ గడ్డం అట్లా లేచేది పాట మొదట్లోనే.

పెదవులు కదిలాయి. మందపాటి అద్దం, ఇంజిను మోత, ఒక్క ముక్క వినపడదు. హనోకు నోరు తెరవబోయి ఆగాడు. స్టీరింగు మీద వేలితో ఒక దెబ్బ వేశాడు. ఇంకొకటి. అప్పుడు అందుకున్నాడు.

మొదటి చరణం దాకా పెదవులు చూస్తూ పాడాడు. రెండో చరణంలో ఫోను మళ్ళీ మోగింది. బస్సును వెనక్కి తీసి మలుపు తిప్పితే అద్దం కనపడకుండా పోయింది. లోపల ఆమె ఎంతవరకు పాడిందో తెలియదు. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి ఎర్రరాయి నింపుకుని మెల్లగా పోతోంది. బస్సు ఆపుకుని, ఖాళీ సీట్ల ముందు, హనోకు తన అడుగు పాటను కడదాకా పాడాడు, ఆమె ఆగే చోట్ల ఆగుతూ.