ఊరికే వచ్చే లినక్స్‌కు డబ్బు కట్టించాను

"ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి" అనే లోకంలో, ఊరికే వచ్చే వస్తువును పట్టుబట్టి డబ్బుకు కొనిపించి, నా పరువు నేనే ధర్మవరం బజారున పడేసుకున్న కథ ఇది. నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే బాషా అంటే నేనే. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీయించే నారాయణప్ప కొత్త కంప్యూటర్ కొన్నాడు. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌గా లినక్స్ వేద్దామన్నాను.

"ఇది ఊరికే దొరుకుతాదన్నా. అయినా మనం కంపెనీవాళ్లకు దుడ్లిచ్చి తీసుకుందాం."

"ఊరికే వచ్చేదానికి దుడ్లు యాలప్పా? తిక్క పట్టిందా నీకు?"

"దుడ్లు సరుక్కు కాదన్నా, సాయానికి. చెడిపోతే ఫోన్ చేయొచ్చు. ఆడ పెద్దపెద్ద తలకాయలుండాయి."

"మరి నీ తలకాయ?"

"నాదెంతలే అన్నా!" అన్నాను. వినయానికి పోయాను చూశారూ, అదీ నా ఖర్మ!

ఆర్నెల్లకు ప్రింటర్ మొండికేసింది. పెళ్లిచీర అంచు డిజైను కాగితం మీదికి వస్తేగానీ మగ్గం కదలదు. సాయంత్రానికి అందకపోతే ఆర్డరు ఇంకొకరికిస్తామని పెళ్లివారు తేల్చేశారు. పరుగున రైలెక్కితే, అది పెనుకొండలో క్రాసింగ్ కోసం ముప్పావుగంట నిలబడింది. దిగి తోద్దామా అనిపించింది. చివరికి ధర్మవరం చేరి రెండు గంటలు కుస్తీ పట్టినా ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

"ఫోన్ చెయ్యప్పా! దుడ్లు కట్టింది యాల?" అని నారాయణప్ప కసిరాడు.

స్పీకర్ నొక్కి బెంగుళూరు కంపెనీకి ఫోన్ చేశాను. అక్కడి ఇంజనీరు కాసేపు వెతికి, నాలుగు ముక్కలు చెప్పాడు. అలాగే టైపు చేశాను. ప్రింటర్ గురగురమని హంసల అంచును బయటికి తోసింది.

"మీరు దేవుడు సార్!" అన్నాను.

"నేను కాదండీ. రెండేళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఎవరో రాసిపెట్టారు, అదే చదివాను. మహబూబ్ బాషా, హిందూపురం అనుంది."

అది రాసింది నేనే! నెట్ సెంటర్లో కూర్చుని, నలుగురికీ పనికొస్తుందని రాసి, శుభ్రంగా మరచిపోయాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినవాడైనా నయం, నేను వెతకడానికి డబ్బు కూడా కట్టించాను. అయినా బెంగుళూరు ఇంజనీరుకే పాఠం చెప్పినవాణ్ణని ఛాతీ ఉప్పొంగింది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

అంతలో నారాయణప్ప నా భుజం తట్టాడు. "చూసినావా బాషా? మీ ఊరోడే, నీ పేరోడే! పేరైతే ఒకటే గానీ, తలకాయలు యారే. ఆయప్పకాడికి పోయి నాలుగు ముక్కలు నేర్చుకోరాదా?"

"నేర్చుకుంటాలే అన్నా" అని బుద్ధిగా తలూపాను.

ఆ సాయంత్రమే ధర్మవరం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడైనా డబ్బు కట్టి సలహా అడగాల్సివస్తే, ముందుగా హిందూపురం మహబూబ్ బాషాను ఒక్కమాట కనుక్కుంటాను.