మల్లయ్య సారు నాలుక

గత గురువారం మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి క్షేత్రగణితం చెబుతుండగా బడి జవాను గుమ్మంలో నిలబడి, మల్లయ్య సారు పోయారని చెప్పాడు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. నమ్మలేకపోయాను. నాలుగు రోజుల క్రితమే కోట కింది ఆదివారం అంగడిలో నా పక్కన నిలబడి మిరపకాయ బజ్జీ కొరికి, "తమ్మీ, వాము జర తక్కువైంది" అన్న మనిషి అంతలోనే కీర్తిశేషులయ్యారంటే మనసు ఎట్లా ఒప్పుకుంటుంది? రిటైరై ఇంటిపట్టునే ఉంటున్న ఆయన అన్నం తిని నడుం వాల్చి మళ్లీ లేవలేదట. కడుపు నిండా తిన్న తర్వాత వచ్చిన మృత్యువు గనుక ఆయన దానితో పెద్దగా తగాదా పెట్టుకుని ఉండరు.

పోచంపల్లిలో మగ్గాల ఇంట పుట్టి, నాయిన పక్కన కండెలు చుడుతూ పద్యాలు వల్లెవేసి, తెలుగు పండితులై మా భువనగిరి బడికి వచ్చారు. ఆయన పాండిత్యాన్ని గురించి, గంభీరమైన ఆ కంఠస్వరాన్ని గురించి శిష్యులు రాస్తారు. నేను లెక్కల పంతులును. పదిహేనేళ్లు ఆదివారం ఆదివారం ఆయన వెంట అంగడిలో తిరిగినవాణ్ణి. నాకు బాగా తెలిసింది ఆయన జిహ్వ. దాని గురించి చెప్పే అర్హత నాకుందని నా నమ్మకం.

ఆదివారం మా అంగడి మామూలు అంగడి కాదు. పట్నం నుంచి బస్సుల్లో వచ్చి కోట గుట్ట ఎక్కినవాళ్లు ఎండకు వాడి, కాళ్లీడ్చుకుంటూ దిగేసరికి కింద పొయ్యిలన్నీ వెలిగి ఉంటాయి. మల్లయ్య సారు ఒక దుకాణంలో ఒక్క వస్తువే తినేవారు. మిర్చి బస్సుల అడ్డా దగ్గర, ఉడికించిన శనగల గుడాలు చింతచెట్టు కింద, చాయ్ ఇరానీ హోటల్లో. ఒక పూట ఫలహారానికి మైలు దూరం నడిపించేవారు. ఇదేం తిరుగుడని ఒకసారి విసుక్కున్నాను. "ఒక చెయ్యి ఒక్క వంటకే పుడ్తది తమ్మీ. ఇంకోటి అడిగితె ఆ చేతిని అవమానించినట్టు" అన్నారు. చాయ్‌లో బిస్కెట్ ముంచేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే ఏకాగ్రత పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా నేను చూడలేదు.

ఇంకో నియమం ఉండేది. ఇంట్లో తినకుండా అంగడికి బయలుదేరరు. ఆకలి పెద్ద అబద్ధాలకోరు అని, నిండిన కడుపే నిజం చెబుతుందని ఆయన సిద్ధాంతం. ఇంట్లో తిని పోతాడు, బయట తిని వస్తాడు, మధ్యలో చదువెప్పుడు చెబుతాడో అని వారి ఇల్లాలు నర్సమ్మ గారు నాతో అనేవారు. అది విని ఆయన సంతోషంగా నవ్వేవారు. ముఖస్తుతికి ఎన్నడూ బాగుందనరు గనుక, ఆయన బాగుందన్న పొయ్యి దగ్గర జనం బారులు కట్టేవారు. బస్సు దిగినవాళ్లు కూడా, ఆ పంతులు ఎక్కడ తింటున్నాడో చూడమని ఒకరికొకరు చెప్పుకునేవారు.

అంత నమ్మకం ఉన్న నాలుకే ఒకసారి తప్పింది.

ఎల్లవ్వ అని, మొగుడు పోయిన మనిషి, అంగడి చివర తపాలచెక్క చేస్తుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె అడుగున అద్ది, నడుమ వేలితో బొక్కలు చేసి కాల్చే రొట్టె అది. ఆ పొయ్యి మీదే ఆమె, ఆమె ఇద్దరు ఆడపిల్లలు బతకాలి. ఒక ఆదివారం పట్నం వాళ్లు చుట్టూ నిలబడి ఉండగా సారు ఒక తునక నోట్లో వేసుకుని, ముఖం చిట్లించి, "ఎల్లవ్వా, గిదేంది, చేదుగున్నది. పల్లీలు పాతయేసినవా?" అన్నారు. నిలబడ్డవాళ్లు చల్లగా జారుకున్నారు. నేనూ తిన్నాను. నాకు చేదు తగల్లేదు. కానీ ఆయన నాలుక ముందు నా నాలుక ఎంత అనుకుని ఊరుకున్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆ సాయంత్రమే సారుకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. నేను చూడబోయిన రోజున చారు చేదుగా ఉందని ఇల్లాలి మీద కేకలేస్తున్నారు. నర్సమ్మ గారు గిన్నె కింద పెట్టి, "చారు చేదు గాదు. నీ నోరు చేదు" అన్నారు. ఆయన కేకలు ఆపి నా వైపు తిరిగి, ఎల్లవ్వ ఎట్లా ఉందో కనుక్కుని రమ్మన్నారు.

వెళ్లి చూస్తే పొయ్యి రాళ్లు మాత్రం ఉన్నాయి. ఆ ఆదివారం, మరుసటి ఆదివారం కూడా ఎవరూ కొనకపోతే ఎల్లవ్వ గిన్నెలు సర్దుకుని కూలికి నాట్లు వేయడానికి పోతున్నదని పక్కవాళ్లు చెప్పారు. లేచి నడవగలిగిన రోజున సారు నన్ను తీసుకుని ఆమె ఇంటికి వెళ్లారు. తప్పు తనదేనని, మళ్లీ పొయ్యి పెట్టమని బతిమాలారు. ఆమె కోపం చేయలేదు. "నువ్వు కావాలని అనలేదు సారూ, నాకెర్క. గని చేదన్న మాట ఊరంత మోసిండ్రు. చేదు గాదన్న మాట ఎవ్వలు మోస్తరు?" అంది.

సారు అక్కణ్ణించి నేరుగా ఊళ్లో సాటింపు వేసే డప్పు మనిషి ఇంటికి నడిచారు. వచ్చే అంగడి నాడు బస్సుల అడ్డా నుంచి గుట్ట మెట్ల దాకా డప్పు మోగింది. "వినుండ్రి అయ్యలారా. బడి తెలుగు సారు మల్లయ్య చెప్పిస్తున్న మాట. ఎల్లవ్వ తపాలచెక్క చేదు లేకుండె. సారుకు జరమొచ్చి నోరు చేదుండె. తప్పు సారుది, ఎల్లవ్వది గాదు." డప్పు వెనకే తువ్వాల భుజాన వేసుకుని సారు, ఆయన వెనక సిగ్గుతో తల వంచుకుని నేను. అంగడంతా నవ్వింది. ఆయనా నవ్వారు.

ఉపాధ్యాయ వృత్తి గౌరవం మంటగలిసిందని ప్రధానోపాధ్యాయులు మర్నాడు పిలిపించి మందలించారు. సారు వినయంగా విని ఒక్కటే చెప్పారు. "తప్పు రాసిన పోరగానితోని బోర్డు మీదనె దిద్దిపిస్తం గద సార్. నేను నలుగుర్ల తప్పు జేసిన. నలుగుర్లనె దిద్దుకోవాలె." ఆ మాట విన్న నాడు నాకు ఆయన మీద కలిగిన గౌరవం ఇన్నేళ్లలో రవ్వంత తగ్గలేదు.

ఎల్లవ్వ పొయ్యి మళ్లీ వెలిగింది. జనం తిరిగి రావడానికి మూడు నాలుగు అంగళ్లు పట్టింది. అన్ని వారాలూ మొదటి రొట్టె సారే తిన్నారు, అందరూ చూసేటట్టు. ఆ పిల్లలిద్దరి పెళ్లిళ్లూ ఆ పొయ్యి మీదే అయ్యాయి. రెండు పెళ్లిళ్లలోనూ సారు కడుపు నిండా తిని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి వచ్చారు.

మొన్న ఆదివారం ఆయన లేని మొదటి అంగడి. ఎల్లవ్వ నన్ను చూసి మొదటి రొట్టె మోదుగాకులో పెట్టి ఇచ్చింది. సారు లెక్కనే తిని చెప్పమంది, మెప్పు కోసం చెప్పొద్దంది. తిన్నాను. ఏ రుచీ తెలియలేదు. బాగుందనడం ఎంతసేపు? కానీ ఆ మనిషి వెంట అన్నేళ్లు తిరిగి ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"నా నోరు బాగలేదు ఎల్లవ్వా. ఇయ్యాల నన్నడుగకు" అన్నాను.

ఆమె పిండిలో చెయ్యి ఆపి, "నాకు గూడ గట్లనె ఉన్నది సారూ. ఉప్పు ఎంతేసిన్నో ఏమో" అంది.

నేలతల్లి కన్న ఆ నిజాయితీపరుడికి, నా గురుతుల్యుడికి, ఏ దుకాణం ముందూ అబద్ధమాడని ఆ నాలుకకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా అంగడిలో రుచులకు కొదవ లేదు. తన నోరే చేదని డప్పు కొట్టించి చెప్పే మనిషి ఇక రాడు.