హల్డా ప్రిచెట్ చెప్పాల్సిన ఒక్క మాట

హల్డా ప్రిచెట్ పదిహేడో ఏట, ఇండియానాలోని టెర్రహోట్ నుంచి, ఊరూరా తిరిగే ఒక నాటక కంపెనీ వెంట వెళ్లిపోయింది. పెద్ద నటి కావాలని వెళ్లింది. అయితే మొదటి వారంలోనే ఆ కంపెనీ యజమానికి ఆమెలో ఓ అరుదైన విద్య కనబడింది. శవంలా పడుకోమంటే ఆమె గుండె మీద గుడ్డ కదిలేది కాదు, కనురెప్ప అదిరేది కాదు. అలాంటి మనిషి దొరికాక ఏ యజమాని మాత్రం నోరు విప్పనిస్తాడు? పెళ్లినాడే పోయిన కోడలు, మంచులో గడ్డకట్టిన అనాథ, నదిలో తేలిన పాపాత్మురాలు, ఇలా ఇరవై ఏళ్లు ఆమె చచ్చిపోతూ బతికింది. డుబ్యూక్ అనే ఊళ్లో శవపేటికలు చేసే ఆసామి ఒకాయన నాటకం కాగానే వేదిక వెనక్కి వచ్చి, తన వృత్తిలో ఇంత శుభ్రంగా పోయినవాళ్లను చూడలేదని టోపీ తీసి మరీ చెప్పి వెళ్లాడు. హల్డా మర్యాదకు నవ్వింది. గదికి వెళ్లి ఏడ్చింది.

అక్క వెర్నా మాత్రం ఒక్క నాటకానికీ రాలేదు. టెర్రహోట్‌లో కోళ్లు పెంచుకునే వెర్నాకు డొంకతిరుగుడు తెలియదు.

"నువ్వు పడుకుంటే చూడ్డానికి టికెట్టెందుకే? చిన్నప్పుడంతా ఒకే మంచం మీద ఊరికే చూశాను. మాట్లాడే వేషం వచ్చిన్నాడు కబురుపెట్టు, వస్తాను" అంది.

ఆ మాట హల్డా గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

చివరికి న్యూయార్క్‌లో టాగర్ట్ అనే యజమాని ఆమెకు మాట్లాడే వేషం ఇచ్చాడు. నాటకం పేరు 'ఆష్‌కోంబ్ వారి శోకం'. మూడు అంకాల నిండా ఏడుపే. ఇంట్లోవాళ్లందరూ పోయాక, ఒంటరిగా మిగిలిన ఇల్లాలి దగ్గరకు మార్తా అనే పనిమనిషి దీపం పట్టుకుని వచ్చి, "దీపం ఆర్పేయమంటారా, అమ్మగారూ?" అని అడుగుతుంది. తెర పడుతుంది. ఆ పనిమనిషే హల్డా. నాటకం మొత్తానికి అదే చివరి మాట.

వచ్చిన చిక్కల్లా అక్కడే. నాటకాలవాళ్లకు ఒక పట్టింపు ఉంది. మొదటి ప్రదర్శన దాకా నాటకంలో చివరి మాట ఎవరూ పలకకూడదు, రిహార్సల్లో పలికితే నాటకం మునిగిపోతుంది. మిగతావాళ్లకు బోలెడన్ని మాటలు కాబట్టి ఒక్కటి మింగితే నష్టం లేదు. హల్డాకు ఉన్నదే ఒకటి. రోజూ దీపం పట్టుకుని వచ్చేది, నోరు తెరిచేది, అంతే, టాగర్ట్ చప్పట్లు చరిచేవాడు, తెర లాగే గస్ తాడు వదిలేవాడు, అందరూ భోజనాలకు పోయేవారు. పోనీ గదిలోనైనా అనుకుంటే పక్క గదిలో అదే నాటకంలో తాతగారి వేషం వేసే ఐజాక్ బీమ్ ఉన్నాడు. హల్డా "దీపం" అనేలోపు గోడ మీద దబదబా బాదేవాడు.

"మా అందరి నోటికాడి కూడు తీసెయ్యకమ్మా, నీకు పుణ్యముంటుంది" అని అవతలనుంచి బతిమాలేవాడు.

హల్డా అక్కకు కబురుపెట్టింది. వెర్నా కోళ్లను పొరుగావిడకు అప్పజెప్పి, ఉడకబెట్టిన గుడ్ల బుట్టతో రైలెక్కి వచ్చింది. మొదటి ప్రదర్శన. హాలు కిటకిటలాడుతోంది. హల్డా దీపం పట్టుకుని నడిచింది, ఇల్లాలి ముందు నిలబడింది, ఇరవై ఏళ్ల ఊపిరి ఒక్కసారి పీల్చుకుని నోరు తెరిచింది.

తెర పడింది.

గస్ తప్పేం కాదు పాపం. ఇన్నాళ్ల రిహార్సల్లో ఆమె నోరు తెరవడమూ, తాడు వదలడమూ అతని చేతికి ఒకే పనైపోయింది. హల్డా తెర వెనక నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. అవతల మాత్రం జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మర్నాడు పత్రికలన్నీ ఆ మౌనాన్నే నెత్తికెత్తుకున్నాయి. దుఃఖం ముందు మాటే చాలదని ఆ పనిమనిషి పెదవులు చెప్పాయట. నాటకం రాసినాయన, తన ముద్దుల వాక్యం పోయిందని పొద్దున ఏడ్చాడు, పత్రికలు చదివి మధ్యాహ్నానికల్లా తను రాసిందే అలా అని చెప్పుకోసాగాడు.

టాగర్ట్ హల్డాను పిలిపించాడు. చెప్పని మాట కలిసొచ్చింది కాబట్టి ఇకమీదట ఎప్పటికీ చెప్పొద్దన్నాడు. ఆ మాట రాసినాయన కూడా ఇంట్లో పలకకూడదన్నాడు.

వెర్నా రైలెక్కేముందు చెల్లెలి చెయ్యి పట్టుకుని, "ఒక్క మాటేగదే ఉంది. అదీ మర్చిపోయావా?" అని అడిగింది. హల్డా ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. నెల తిరక్కముందే టెర్రహోట్ అంతటికీ ఆ సంగతి తెలిసిపోయింది.

నాటకం రెండేళ్లు ఆడింది. హల్డా రోజూ నోరు తెరిచేది, రోజూ తెర పడేది. ఇల్లాలి వేషం వేసే కొరిన్ డెలాఫీల్డ్ ఆమెను "దీపం" అనే పిలిచేది, వేరే పేరు ఉంటుందన్న ఊహే ఆవిడకు రాలేదు. టాగర్ట్ పొద్దున్న లేస్తే ఆమెను పొగిడేవాడు. నాటకం ఎత్తేస్తున్నామని గోడకు కాగితం అంటించిన రోజున, తర్వాతి నాటకంలో చనిపోయిన మేనత్త వేషం ఆమెకేనని మాటిచ్చాడు.

"ఈ ఊళ్లో నీలా నోరు మూసుకునేవాళ్లు లేరమ్మా. బతికున్నంతకాలం నీకు పనికి లోటుండదు" అన్నాడు.

ఆ వరం హల్డాకు శాపంలా వినబడింది. మాట పలికితే ఆ పని పోతుంది. పలక్కపోతే చచ్చేదాకా చస్తూనే ఉండాలి. వెర్నాకు మళ్లీ కబురుపెట్టి, ఆఖరి ఆటలో ఒక్కసారి తెర కాస్త ఆపమని అడగడానికి గస్ దగ్గరకు వెళ్లింది. గస్ తాడు నిమిరాడు.

"నీ నోరు కనబడితే నా చెయ్యి ఆగదు తల్లీ. అది నా వల్ల కాదు. ఆఖరాట నాడు కళ్లు మూసుకుంటాను. చప్పట్లు వినబడితే తాడు వదులుతా" అన్నాడు.

ఆఖరి ప్రదర్శనకు వెర్నా గుడ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. హల్డా దీపంతో వచ్చింది, నోరు తెరిచింది, తెర పడలేదు. అలవాటు కొద్దీ ఒక క్షణం దానికోసం ఎదురుచూసింది. తర్వాత అడిగింది.

"దీపం ఆర్పేయమంటారా, అమ్మగారూ?"

గొప్ప గొంతేం కాదు, టెర్రహోట్ యాస పోలేదు, పైగా జీర. రెండేళ్లుగా ఆ చోట ఏ శబ్దమూ వినని కొరిన్ డెలాఫీల్డ్ ఉలిక్కిపడి కుర్చీలోంచి సగం లేచింది.

"ఎవరది?" అంది.

అక్కడ చెప్పడానికి హల్డాకు రాసిపెట్టిన మాటేమీ లేదు.

"హల్డానండీ" అంది.

జనానికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానందుకు సిగ్గుపడి గట్టిగా చప్పట్లు కొట్టారు. గస్ కళ్లు మూసుకునే తాడు వదిలాడు. తెర నేలకు ఆనకముందే టాగర్ట్ పరుగున వచ్చి, మేనత్త వేషం వేరేవాళ్లకు ఇచ్చేశానని చెప్పేశాడు.

మర్నాడు ఆదివారం. హల్డా గదికి కిటికీ ఉన్నా ఎదురుగా గోడే, పగలు కూడా దీపం పెట్టుకోవాలి. ఆమె పెట్టె సర్దుకుంటోంది. వెర్నా మంచం మీద కూర్చుని గుడ్డు పెంకు ఒలుస్తోంది. నిన్నటినుంచి ఆ మాట ఎలా ఉందో అక్క చెప్పలేదు, అడగడానికి హల్డాకు ధైర్యం చాల్లేదు.

"ఏదీ, ఇంకోసారి అను" అంది వెర్నా తలెత్తకుండా.

హల్డా బల్ల మీది దీపం చేతిలోకి తీసుకుని అక్క ముందు నిలబడింది.

"దీపం ఆర్పేయమంటారా, అమ్మగారూ?"

నాటకం అయిపోయినా పక్క గదిలో ఐజాక్ బీమ్ అలవాటుగా గోడ బాదాడు. వెర్నా ఒలిచిన గుడ్డు చెల్లెలి చేతిలో పెట్టి, మంచం మీద చోటిస్తూ పక్కకు జరిగింది.

"ఆర్పకు. ఇంకొంచెంసేపు మాట్లాడు" అంది.