బడి కోసం అక్క అడిగిన ఓట్లు

అక్క పోయిందని వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఖతార్‌లో, అల్ ఘర్రాఫాలో మా యజమాని పిల్లల బడి గేటు ముందు బండిలో కూర్చుని ఉన్నాను. "అన్నా, మా యక్క తెల్లారి పోయింది" అన్నాడు. అంతలో బడి వదిలారు. పిల్లలు పరుగున వచ్చి వెనక సీట్లో ఎక్కారు. తమను పెంచిన మనిషి ఇక లేదని వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియక, బండి ఇంటి వైపు తిప్పాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఒక ఖతారీ కుటుంబం ఇంట్లో ఆమె వంటమనిషి, నేను డ్రైవర్ని. మాది గోదావరి వైపు, ఆమెది కడప వైపు ఒక చిన్న పల్లె. పదకొండేళ్ళు ఒకే ప్రహరీ లోపల బతికాం. గేటు పక్క గది నాది, వంటింటి వెనక గది ఆమెది. నేను అక్కా అనేవాడిని, ఆమె నన్ను అబ్బీ అనేది. భర్త చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. సంపాదించినదంతా పెట్టి ఊళ్ళో ఒక మిద్దె కట్టించి, అందులో తమ్ముడి కుటుంబాన్ని ఉంచింది.

రోజూ మధ్యాహ్నం నేను పిల్లలను దింపి వంటింటి గుమ్మం దగ్గరికి వెళితే, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి ఒకటే మాట అడిగేది. "ఈ పొద్దు బడిలో ఏం చెప్పిచ్చిరంట?"

"నాకేం తెలుసక్కా, నేను డ్రైవర్ని" అనేవాడిని మొదట్లో. ఆమె ఊరుకోదు. చివరికి ఆమెకు జవాబు చెప్పడానికే నాకు వచ్చిన ముక్కల అరబ్బీలో చిన్నపాపను దారిలో అడిగి తెలుసుకునేవాడిని. ఒంటె మూపురంలో నీళ్ళుండవట, కొవ్వు ఉంటుందట అని చెబితే, గరిటె పట్టుకుని నిలబడిపోయి, "అట్లనా! ఇన్నాళ్ళూ నీళ్ళే అనుకుంటి గదబ్బీ" అని ఎంత సంబరపడిందో.

అక్క బడి మొహం చూడలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకసారి, జ్వరంతో ఉన్న ఈ ఇంటి పెద్దబాబుకు ఒక మందు బదులు ఇంకోటి పోసింది. రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయట. పిల్లాడు ఒక పూటంతా లేవలేదు. తర్వాత కోలుకున్నాడు, మేడమ్ కూడా పెద్దగా ఏమీ అనలేదు. కానీ అక్క మాత్రం మర్చిపోలేదు. ఆ సంగతి నాకు చెప్పిన రోజు, ఎన్నో ఏళ్ళ కిందటి ముచ్చట అయినా, రెండు సీసాల ఎత్తూ చేత్తో కొలిచి చూపించింది. "రాత కనపడతాండాది, సదవను రాదు. అంతకంటే గుడ్డితనమే మేలబ్బీ" అంది.

రెండేళ్ళ కిందట వాళ్ళ ఊరి నుంచి ఒక కబురు వచ్చింది. బడిలో పిల్లలు తగ్గిపోయారు, ఒక్కరే పంతులు మిగిలారు, దాన్ని హైవే అవతల ఊరి బడిలో కలిపేస్తారని. సర్పంచి ఒక దారి చెప్పాడు. ఇంటి పన్ను కొంచెం పెంచితే, ఆ డబ్బుతో పంచాయతీయే ఇద్దరు టీచర్లను పెట్టుకుంటుంది, అప్పుడు పిల్లలు తిరిగొస్తారు, బడి నిలబడుతుంది. గ్రామసభలో చేతులెత్తి తేల్చుకోవాలి.

పన్ను ఎక్కువ పడేది మిద్దెల మీద. మిద్దెలన్నీ గల్ఫ్ డబ్బుతో కట్టినవి. ఊళ్ళో చేతులెత్తాల్సిన ఆడవాళ్ళకు మాట చెప్పే మగవాళ్ళేమో ఇక్కడే ఉమ్ ఘువైలినాలో ఒక గదిలో ఉంటారు. అక్క ఆ సంగతి ముందే పసిగట్టింది. తన శుక్రవారం సెలవులన్నీ దానికే పెట్టింది. ఓళిగలు, అదే మా వైపు బొబ్బట్లు, చేసుకుని, నన్ను తోడు తీసుకుని ఆ గదికి వెళ్ళేది.

వాళ్ళు ఓళిగలు తిన్నారు. మాట మాత్రం తేల్చలేదు. అందరికంటే పెద్ద మిద్దె కట్టిన ఏసీ మెకానిక్ చేయి తుడుచుకుంటూ అన్నాడు. "అక్కా, నా పిల్లోళ్ళు వ్యానులో టౌనుకు పోతాండారు. ఆ బడితో నాకేం పని? నేనెందుకు కట్టల్ల?"

"నాకు పిల్లోళ్ళే లేరు నాయనా. నేను కడతానంటి గదా" అంది అక్క. "నీ బిడ్డలు వ్యానెక్కుతాండారు, సరే. మీ ఇంట్లో బోకులు తోమేదాని బిడ్డ యాడికి పోవల్ల? ఆ హైవే దాటల్లనా?"

అతను ఇంకో ఓళిగ అందుకున్నాడు. పక్కనున్నవాడు డబ్బుల్లేవని అరబ్బీలో "మాఫీ ఫులూస్ అక్కా" అని నవ్వేశాడు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఇంటికి ఫోన్ చేసి చెబుతామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో నన్ను అడిగింది. "మీ ఊర్లో ఇట్ల అడిగితే నువ్వు ఎత్తుతావా?"

"ఎత్తుతానక్కా" అన్నాను వెంటనే.

నా మొహం చూసి నవ్వింది. "ఇంత బిరీన చెప్పినావంటే ఎత్తవు."

నిజమే. మా పిల్లలు కూడా ప్రైవేటు బడిలోనే చదువుతున్నారు. నాకూ లోపల ఆ మెకానిక్ మాటే న్యాయం అనిపించింది. ఆ మాట అక్కకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

గ్రామసభ రోజు నేను పిల్లలను బడిలో దింపి వచ్చేసరికి అక్క వంటింట్లో ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి నిలబడి ఉంది. వీడియోలో అవతల తమ్ముడు. షామియానా, కుర్చీలు, ఒకవైపు ఆడవాళ్ళు. సర్పంచి మైకులో అడిగాడు. "బడి కోసరం ఇంటి పన్ను పెంచేదానికి ఒప్పుకునేటోళ్ళు చేతులెత్తండి."

ఆడవాళ్ళ వైపు కొన్ని చేతులు లేచాయి. మధ్యలో ఒకరిద్దరు ఎత్తి, పక్కవాళ్ళను చూసి దించేశారు. అక్క పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.

"ఒరే, నువ్వు ఎత్తినావా?" అని అడిగింది తమ్ముణ్ణి.

ఫోన్ పక్కకు వాలింది. తమ్ముడి చెప్పులు, కాస్త దుమ్ము కనిపించాయి. మైకులో ఎవరో తీర్మానం వీగిపోయిందని చెబుతున్నారు. అక్క తనే ఫోన్ కట్టేసి, పొయ్యి మీది పప్పు కలిపింది. మూత పెడుతూ అంది. "వాడు సర్పంచికి అవతలి పార్టీలో తిరుగుతాండాడు. వాళ్ళు వద్దంటే ఎట్ల ఎత్తుతాడు? తిట్టగాకు వాణ్ణి."

ఆ ఏడే బడి మూతపడింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు అక్క నాకు నీళ్ళు ఇచ్చేది గానీ, బడిలో ఏం చెప్పారని అడగడం మానేసింది. ఆమె అడగకపోయినా నేనే చెప్పేవాడిని. ఊఁ అనేది. ఒక రోజు ఏదో చెబుతుంటే మధ్యలో లేచి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేనూ చెప్పలేదు.

అక్కకు కాళ్ళు వాచాయి. అల్ సద్ క్లినిక్‌కు నేనే తీసుకెళ్ళేవాడిని. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. వేసవిలో మేడమే టికెట్ కొని, ఏడ్చి, సాగనంపింది. ఎయిర్‌పోర్టులో నాతో అన్న చివరి మాట, "పిల్లోళ్ళను బడికి లేటు చెయ్యగాకబ్బీ."

అక్క పోయిన ఐదో రోజున తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఆ పొద్దు నేను చెయ్యెత్తలేదన్నా. యక్కకు తెలుసు. ఇంటికొచ్చినాక నాలుగు నెలలు నా చేతి కూడు తినె. ఒక్కపారి కూడా ఎందుకని అడగల్యా."

తర్వాత అంత్యక్రియల నాటి సంగతి చెప్పాడు. పాడె ఎత్తిన కాసేపటికే తుఫాను వాన పట్టుకుందట. దారిలో దించి, పోయినవాళ్ళను చెవిలో మూడుసార్లు పిలిచే చోటు ఒకటి ఉంటుంది కదా. అక్కడ నిలబడడానికి వీల్లేక, దగ్గర్లో ఉన్న, మూతపడిన ఆ బడి పంచలోకి మోసుకెళ్ళారట.

నేను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. అయినా కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది. తాళం వేసిన తలుపు, పంచ చూరు నుంచి ధార కట్టిన వాన, తడిసిన పూల కింద అక్క. చెవి దగ్గరికి వంగి "అక్కా" అని మూడోసారి కూడా పిలిచి, అలాగే వంగి ఉండిపోయిన తమ్ముడు.